పాత టేబుల్ సా బాగుచేసుకోవాలా, కొత్తది కొనాలా? ముందు ఇంటి మీటరు చూడండి

కావలిలో మూతబడిన ఒక వడ్రంగి షెడ్డులో నా టేబుల్ సాని, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకొచ్చి తిరిగే కోత మిషన్ని, మొదటిసారి చూసినప్పుడు దాని బల్ల మీద గోనెసంచి, సంచి మీద పొదుగు కోడి ఉన్నాయి. షెడ్డు పెద్దాయన "కోడి లేచినాక ఎత్తకపో నాయనా, గుడ్లు చెడతాయి" అన్నాడు. మూడు వారాలు ఆగి తెచ్చుకున్నాను. పోత ఇనుప బల్ల, పది అంగుళాల బ్లేడు, కింద చెక్కపెట్టెలో పాత మోటారు, ఒళ్లంతా తుప్పు. ఆ తుప్పు చూసి మా ఇంట్లో తల పట్టుకున్నారు. తీరా చూస్తే తుప్పు వదిలించడానికి పట్టింది రెండు ఆదివారాలు. మోటారు సంగతి తేలడానికి పట్టింది ఏడు నెలలు.

అందుకే ఎవరైనా ఫోన్ చేసి "పాత టేబుల్ సా ఒకటి దొరికింది, తీసుకోమంటారా, కొత్తది కొనుక్కోమంటారా" అని అడిగితే, మిషను ఫోటో తర్వాత చూద్దాం, ముందు ఇంటి మీటరు ఫోటో పంపండి అంటాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ లెక్క తేల్చేవి రెండే: ఇంటికి వచ్చే కరెంటు, బ్లేడు తిరిగే షాఫ్టు. పీఠంలో పగులు తప్ప మిగతావన్నీ డబ్బుతోనో ఓపికతోనో సర్దుకుంటాయి.

## ముందు తేల్చుకోవాల్సినవి

కరెంటు. మామూలు ఇంటికి వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కాబట్టి 2 హెచ్‌పీ మోటారు ఒకటిన్నర కిలోవాటే కదా, గీజరంత కూడా లేదు అనిపిస్తుంది. కానీ సింగిల్ ఫేజ్ మోటారు నిండు లోడు మీద తొమ్మిది, పది ఆంప్స్ లాగుతుంది. 3 హెచ్‌పీ అయితే పద్నాలుగు, పదిహేను. స్విచ్ వేసిన క్షణంలో దానికి ఐదారు రెట్లు. ఇంట్లో ఏసీ నడుస్తుండగా 3 హెచ్‌పీ మోటారు ఆన్ చేస్తే లైట్లన్నీ ఒకసారి కునికిపాటు పడి లేస్తాయి. మామూలు మీటరు మీద 2 హెచ్‌పీ దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం. 3కి పోవాలంటే మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి మోటార్లకు వాడే సి రకం ఎంసీబీ, నమ్మకమైన ఎర్తు ఉండాలి. 2 హెచ్‌పీకి దూరం తక్కువైతే 2.5 వైరు సరిపోతుంది.

వోల్టేజి సంగతి ఇంకా ముఖ్యం. ఎండాకాలం సాయంత్రం, అందులోనూ ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న ఇళ్లలో, వోల్ట్ మీటరు పెట్టి చూస్తే 190 కనిపించడం కొత్తేమీ కాదు. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది. 230 నుంచి 190కి పడితే పోయింది నలభై వోల్టులే, కానీ మోటారు బలంలో దాదాపు మూడో వంతు పోయినట్టు. అప్పుడది గుర్రుమంటూ తిరగలేక నిలబడిపోతుంది. ఆ గుర్రు రెండు నిమిషాలు విన్నారంటే వైండింగ్ కాలిన వాసన కూడా వస్తుంది. మీరు పని చేసుకునే వేళకి, అంటే ఆఫీసు నుంచి వచ్చాక ఏడింటికో ఎనిమిదింటికో, వారం రోజులు వోల్టేజి చూసి రాసుకోండి. 210కి తగ్గడం లేదంటే టెన్షన్ లేదు.

"పొలంలో బోరుకి త్రీ ఫేజ్ ఉంది, షెడ్డు అక్కడే వేసుకుంటా" అనేవాళ్లు మన వైపు చాలామంది. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు ఉచితంగా ఇచ్చే కరెంటు పంపుసెట్టు కోసం. దానికి రంపం తగిలిస్తే తనిఖీకి దొరికిన రోజు కట్టే జరిమానాతో కొత్త మిషను వచ్చేస్తుంది. ఇంటి మీటరు మీద సొంత పని చేసుకుంటే ఇబ్బంది లేదు. చేసిన బల్లలు, తలుపులు అమ్మడం మొదలుపెడితే మాత్రం కనెక్షన్ కేటగిరీ మార్పించుకోవాలి.

షాఫ్టు, బేరింగులు. పాత మిషన్ దగ్గరికి వెళ్లినప్పుడు బెల్టు తీసేసి షాఫ్టును చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగు పోయింది. పోనివ్వండి, 6204, 6205 లాంటి సైజులు నెల్లూరు, ఒంగోలు బేరింగు షాపుల్లో ఎప్పుడూ ఉంటాయి, మోటార్లకూ ట్రాక్టర్లకూ వాడేవే. పొట్టులో తిరిగేది కాబట్టి రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవి అడగండి. అసలు భయం ఏమిటంటే, బేరింగు జామ్ అయ్యి లోపలి రింగు షాఫ్టు మీదే తిరిగి, షాఫ్టును తినేసి ఉండడం. నా మిషనుకు అదే జరిగింది. కొత్త బేరింగు తొడిగితే చెప్పులో కాలు దూరినట్టు దూరిపోయింది. సుత్తితో కొట్టి ఎక్కించాల్సిన చోట అలా దూరిందంటే షాఫ్టు అరిగినట్టే. నెల్లూరు ఆటోనగర్లో లేత్ అబ్బాయి మైక్రోమీటరు పెట్టి చూసి, "అన్నా, వెల్డింగ్ పోసి తిప్పినా నిలబడుద్ది గానీ, ఈ స్పీడుకి నాకు ధైర్యం చాల్లా. ఈఎన్8 ఉక్కు కడ్డీతో కొత్తది చేసుకుందాం" అన్నాడు. మంచి మాట చెప్పాడు. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగేదానితో ప్రయోగాలు పనికిరావు.

బ్లేడును పట్టుకునే పళ్లెం లాంటి భాగం, ఫ్లాంజి, ఎంత వంకరగా తిరుగుతోందో కూడా చూడాలి. డయల్ గేజి దొరికితే 0.03 మిల్లీమీటర్ల లోపు ఉంటే బాగున్నట్టు. అక్కడ వంకర కొంచెమే అయినా బ్లేడు అంచుకి వచ్చేసరికి ఐదు రెట్లవుతుంది. గేజి లేకపోతే బ్లేడు బిగించి, ఒక పంటికి గుర్తు పెట్టి, బల్ల మీద కదలకుండా పెట్టిన చెక్కముక్కకి ఒక స్క్రూ బిగించి, దాని కొన ఆ పంటికి ఆనీ ఆననట్టు ఉంచి చేత్తో తిప్పుతూ వినండి. అన్ని పళ్లూ ఒకే చప్పుడు చేస్తే సరే. ఒకవైపు టక్కుమని, ఇంకోవైపు చప్పుడే లేకపోతే ఆలోచించాలి. బ్లేడే వంకరేమో అన్న అనుమానం వస్తే దాన్ని షాఫ్టు మీద అరచుట్టు జరిపి మళ్లీ వినండి. చప్పుడు బ్లేడుతో పాటు జరిగితే తప్పు బ్లేడుది.

బేరింగుల బదులు వైట్ మెటల్ పోసిన బుష్షులున్న బాగా పాత మిషన్లు కూడా అప్పుడప్పుడు తగులుతాయి. చూడ్డానికి బాగుంటాయి. మొదటి మిషనుగా మాత్రం వద్దు.

పగుళ్లు. బల్ల కింద బ్లేడు వంగడానికి అర్ధచంద్రాకారంలో ఉండే పోత ఇనుప పట్టీలు, షాఫ్టు కూర్చునే పీఠం, వీటిని టార్చి వేసి చూడండి. పోత ఇనుమునే మన లేత్ షాపుల్లో బీడు అంటారు. బీడుని మామూలు రాడ్డుతో వెల్డింగ్ చేస్తే అతికినట్టే ఉండి పక్కన పగులుతుంది. ముందు వేడి చేసి, నికెల్ రాడ్డుతో చేసే చెయ్యి కావాలి. బల్ల మూలలో చిన్న ముక్క పోయి ఉంటే పట్టించుకోకండి. పీఠంలో పగులుంటే తూకం ధరకిచ్చినా వద్దు.

రక్షణ. దీని గురించి చివర్లో విడిగా చెప్తాను, ఎందుకంటే ఏ మిషను తీసుకున్నా తప్పనిది అదే.

## మన దగ్గర దొరికేవి ఎలాంటివి

పాత టేబుల్ సా అనగానే వీడియోల్లో కనిపించే అమెరికా మిషన్లు గుర్తొస్తాయి. 1939లో డెల్టా కంపెనీ యూనిసాని తెచ్చింది. మూసిన ఇనుప పెట్టె, లోపలే మోటారు, బల్లకి బదులు బ్లేడు వంగే ఏర్పాటు. ఇప్పటికీ పెద్ద టేబుల్ సాలన్నీ దాదాపు అదే పోలిక. ఇంగ్లండులో లెస్టర్ నుంచి వచ్చిన వాడ్‌కిన్ మిషన్లకి మన దేశంలోనూ పేరుంది. అలాంటిది మన జిల్లాల్లో కంటపడితే అదృష్టమే. ఎవరైనా అమెరికా నుంచి సామానుతో పాటు తెచ్చుకున్న మిషను అమ్మితే ఒక జాగ్రత్త: అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడ 3,450 చుట్లు తిరిగే మోటారు ఇక్కడ 2,875కి దిగుతుంది, వేడీ ఎక్కువవుతుంది. 115 వోల్టులకి కట్టిన మోటారుని నేరుగా మన ప్లగ్గులో పెడితే ఆ రోజే దాని ఆఖరి రోజు.

మనకి ఎక్కువగా దొరికేది వేరే జాతి. పక్కన సర్క్యులర్ బ్లేడు, పైన చిత్రిక పట్టే రోలరు, రెండూ ఒకే షాఫ్టు మీద తిరిగే కంబైన్డ్ మిషను. పోత ఇనుప మిషన్లకి పేరుపడ్డ పంజాబు ఊరు బటాలా వైపు నుంచి వచ్చినవి ఇక్కడి పాత షెడ్లలో ఉంటాయి. ఇవి గట్టివే, చిత్రిక పని బాగా చేస్తాయి. రంపం పని మాత్రం మొక్కుబడి: బ్లేడు వంగదు, గైడు పట్టీ కదులుతుంటుంది. తలుపు చెక్కలు సైజు చేసే వడ్రంగికి చాలు. డ్రాయరు పెట్టెలు, ఫోటో ఫ్రేములు చేసుకునేవాళ్లకి చాలదు. రెండు పనులూ ఒకే షాఫ్టు మీద ఉన్నాయంటే బ్లేడు దగ్గర పని చేస్తున్నప్పుడు ఇంకో పక్క రోలరు కూడా నోరు తెరుచుకునే తిరుగుతుంటుందని మరిచిపోకండి.

కాలేజీ వర్క్‌షాపులు, ఐటీఐలు పాత సామాను వేలం వేసినప్పుడు మంచి మిషన్లు బయటికొస్తాయి. వీటిలో చాలావాటిని పిల్లలకి చూపించడానికే తిప్పి ఉంటారు, అరుగుదల తక్కువ. రైల్వే వేలాల్లో లాట్లు లాట్లుగా పోతాయి కాబట్టి మనలాంటివాళ్లు వాటిని కొన్న స్క్రాపు వ్యాపారి దగ్గరే పట్టుకోవాలి. బెల్టులు, పుల్లీలు, బ్లేడ్లకి నెల్లూరు వాళ్లకి చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర, ఒంగోలు వాళ్లకి విజయవాడ దగ్గర.

## నాలుగు దారులు

### 1. కొత్తగా వచ్చే చిన్న టేబుల్ సా

అల్యూమినియం బల్ల, మడిచే కాళ్లు, లోపల మిక్సీలో ఉండేలాంటి బ్రష్షు మోటారు. పెట్టె విప్పిన గంటలో కోత మొదలవుతుంది. మామూలు 15 ఆంప్స్ ప్లగ్గు చాలు. బ్లేడు వెనక రివింగ్ నైఫ్ (చెక్క వెనక్కి ఎగరకుండా ఆపే రేకు), పైన కవరు, వారంటీ అన్నీ వస్తాయి.

పోయేది ఏమిటంటే ప్రశాంతత. దీని అరుపుకి మాగుంట లేఅవుట్ అపార్టుమెంటులో మధ్యాహ్నం రెండింటికి పని మొదలుపెడితే సాయంత్రానికల్లా అసోసియేషన్ ప్రెసిడెంటు తలుపు కొడతాడు. బల్ల చిన్నది, తేలిక. ఆరడుగుల ప్లైవుడ్ షీటు పెడితే మిషనే లేస్తుంది. టేకు, వేప ఒక అంగుళం దాకా బాగానే కోస్తుంది. రెండంగుళాల నల్లతుమ్మ పెట్టి తోస్తే మోటారు మూలుగుతుంది. అయినా వారానికి ఒకరోజు పని చేసుకునేవాళ్లకి, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి నేను రెండో మాట లేకుండా ఇదే చెప్తాను. పాత మిషను రెండు క్వింటాళ్ల దాకా తూగుతుంది. ఇల్లు మారినప్పుడల్లా నలుగురు హమాలీలని పిలవలేరు.

### 2. పాత మిషను, పాత మోటారే

పాతవాటి మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు ఈ దారే పడతారు. నేనూ పడ్డాను.

మన వైపు దీనికొక పెద్ద సౌకర్యం ఉంది. వరి చేలు, బోర్లు, రొయ్యల చెరువులు ఉన్న జిల్లాలు కాబట్టి మోటారు వైండింగ్ షాపు లేని సెంటరు ఉండదు. ఇబ్బందల్లా చేసే మనిషిని బట్టి. నా మోటారుని ఒక షాపులో ఇచ్చాను. రాగికి డబ్బులు తీసుకుని అల్యూమినియం తీగ చుట్టారు. ఇంటికి తెచ్చి వేప చెక్క కోస్తుంటే ఇరవై నిమిషాలకి వార్నిషు కమురు వాసన. విప్పి, తీగ కొన బ్లేడుతో గీకి చూస్తే తెల్లగా మెరిసింది. అడిగితే "ఇప్పుడందరూ ఇదే అన్నా" అన్నారు. అప్పటి నుంచి వైండింగ్‌కి ఇస్తే తీగ చుట్టకముందే వెళ్లి, కొన కత్తిరించి, కోసిన చోట లోపలిదాకా ఎర్రగా ఉందో లేదో చూస్తాను. పైన రాగి పూసిన అల్యూమినియం కూడా వస్తోంది కాబట్టి పైపైన గీకితే చాలదు.

వైండింగ్ ఇంకా బాగానే ఉన్న పాత మోటారైతే తిప్పకముందు మెగ్గరు (వైండింగ్ నుంచి బాడీకి కరెంటు కారుతోందేమో చూసే మీటరు) పెట్టించండి. 500 వోల్టుల మెగ్గరు మీద వైండింగ్‌కీ బాడీకీ మధ్య ఒక మెగా ఓమ్ కూడా రాకపోతే ఆరబెట్టి మళ్లీ చూడాలి, అప్పటికీ రాకపోతే వైండింగే గతి. కెపాసిటరు ఉబ్బి ఉంటే పారేసి కొత్తది వేయించండి. మోటారు గుర్రుమని, చేత్తో పుల్లీ తిప్పితే స్టార్ట్ అవుతుందంటే కెపాసిటరో, లోపల సెంట్రిఫ్యూగల్ స్విచ్చో పాడైనట్టు. అదొక్కటే రోగమైతే చిన్న ఖర్చే.

ఇంత చేసినా ఒకటి మిగిలిపోతుంది. పాత మోటార్లు చాలావాటికి ఒళ్లంతా కిటికీలే, పొట్టు లోపలికి పోతుంది. పొట్టు, వేడి, నిప్పురవ్వ ఒకే చోట ఉండడం నాకు నచ్చదు. మిషను బాడీకీ మోటారుకీ ఒకే కంపెనీ పేరు ఉండాలని పట్టుదల ఉన్నవాళ్లకి తప్ప ఈ దారి చెప్పను.

### 3. పాత మిషను, కొత్త సింగిల్ ఫేజ్ మోటారు

సొంత ఇల్లు, పెరట్లో రేకుల షెడ్డు, మామూలు మీటరు ఉన్నవాళ్లకి ఇదే సరైన దారి. నేను చివరికి ఇక్కడికే వచ్చాను: 2 హెచ్‌పీ, పూర్తిగా మూసి బయట ఫ్యాను ఉన్న రకం, కెపాసిటర్ స్టార్ట్ కెపాసిటర్ రన్. ఒక్కసారి పెట్టాక మళ్లీ దాని మొహం చూడలేదు.

మోటారు కొనేటప్పుడు స్పీడు అడగండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోళ్ల మోటారు 2,880 ప్రాంతంలో, నాలుగు పోళ్లది 1,440 ప్రాంతంలో తిరుగుతాయి. బ్లేడు షాఫ్టు ఎంత తిరగాలో పుల్లీలతో తేల్చుకోవాలి. లెక్క తేలిక: మోటారు స్పీడుని మోటారు పుల్లీ సైజుతో గుణించి, షాఫ్టు పుల్లీ సైజుతో భాగించండి. 2,880 మోటారుకి నాలుగంగుళాలది, షాఫ్టుకి మూడంగుళాలది వేస్తే 3,840 వస్తుంది. పదంగుళాల బ్లేడు అంచు అప్పుడు సెకనుకి దాదాపు 51 మీటర్లు పోతుంది. కార్బైడ్ పళ్లకి ఇది హాయిగా కోసే వేగం.

షాపువాళ్లు 1,440 మోటారే చేతిలో పెడతారు, పిండిమరల్లాంటి వాటికి ఎక్కువగా పోయేది అదే కాబట్టి. దాంతో కూడా 3,840 రావాలంటే మోటారుకి ఎనిమిదంగుళాల పుల్లీ కావాలి. అంత పుల్లీ పాత మిషను పెట్టెలో పట్టదు, పట్టినా బ్లేడు వంచినప్పుడు గోడకి రాసుకుంటుంది. 1,440 మోటారుని సమానమైన పుల్లీలతో తిప్పితే బ్లేడు అంచు వేగం 19 మీటర్లే. టేకు నల్లగా మాడుతుంది, తోయడానికి భుజాలు పడిపోతాయి. మన ఊళ్లలో "పాత మిషను సరిగ్గా కోయదు" అన్న పేరు చాలావరకు ఇలా వచ్చిందే. ఎన్ని పుల్లీలు మార్చినా బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ స్పీడు దాటకూడదు.

బెల్టు 'A' సెక్షన్ వీ బెల్టు చాలు. మోటారు పుల్లీ, షాఫ్టు పుల్లీ ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం పట్టి చూసుకోండి. పాత మోటారు పీఠం రంధ్రాలు కొత్త మోటారు కాళ్లకి కలవవు. పావు అంగుళం ఇనుప రేకు ముక్కకి గాళ్లు కోయించి మధ్యలో వేయడమే.

కొందరు రొయ్యల చెరువు దగ్గర పాత ఏరేటరు మోటారు కారుచౌకగా వచ్చిందని తెస్తారు. అవి ఎక్కువగా త్రీ ఫేజ్, 1,440 రకం. గేరుబాక్సుకి బిగించేవి కాబట్టి కొన్నింటికి కాళ్లు ఉండవు. ఉప్పునీళ్ల గాలికి టెర్మినళ్లు పచ్చబడి ఉంటాయి. మోనోబ్లాక్ పంపు మోటారు, సబ్‌మెర్సిబుల్ మోటారు అసలు పనికిరావు: మొదటిదాని షాఫ్టు ఇంపెల్లర్ కోసం చేసింది, రెండోది నీళ్లలో ఉంటేనే చల్లబడుతుంది.

### 4. పాత మిషను, త్రీ ఫేజ్ మోటారు, వీఎఫ్‌డీ

మంచి పాత మిషన్లకి త్రీ ఫేజ్ మోటార్లే ఉంటాయి. అవి మొండివి, కెపాసిటరు గోల లేదు, స్విచ్ గోల లేదు. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ చేసి ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టె 3 హెచ్‌పీ దాకా సులభంగా దొరుకుతుంది. దాని అందం స్టార్టింగులో ఉంది. మోటారు నాలుగైదు సెకన్లలో మెల్లగా లేస్తుంది, ఇంట్లో లైటు కూడా అదరదు. నా స్నేహితుడొకడు ఒంగోలులో ఇలా పెట్టుకున్నాడు. ఆన్ చేస్తే ఫ్లైట్ బయల్దేరినట్టు ఉంటుంది.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద నడిచే వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజే, 415 కాదు. కాబట్టి మోటారు పేరు పలక మీద డెల్టాలో 230, స్టార్‌లో 415 అని రెండూ ఉండాలి. అప్పుడు లోపలి పట్టీలు డెల్టాకి మార్చుకుంటే నిండు బలం వస్తుంది. 415కే డెల్టా అని రాసి ఉంటే ఈ పెట్టె దానికి చాలదు. మన దేశపు చిన్న మోటార్లలో చాలావాటికి స్టార్ ముడి లోపలే వేసి మూడు తీగలే బయటికి ఇస్తారు. వైండింగ్ షాపులో మూత విప్పి, ఆ ముడి తీసి, ఆరు తీగలు బయటికి లాగమనండి. చేతిపని తెలిసినవాడికి గంట పని, తెలియనివాడికి ఇస్తే మోటారు పోయినట్టే.

ఇంకో రెండు సంగతులు. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టి ఆన్ ఆఫ్ చేయకూడదు, వీఎఫ్‌డీ బటన్లతోనే చేయాలి. పెట్టెని పొట్టు పడే చోట బిగించకండి. సన్న పొట్టు లోపలికి పోతే ముందు ఫ్యాను, తర్వాత బోర్డు పోతాయి.

ఇంటికే త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే ఈ పెట్టె అక్కర్లేదు, నేరుగా స్టార్టరు పెట్టుకుంటే సరి. మోటారు తిరగేసి తిరిగితే ఏ రెండు తీగలు మార్చినా చాలు. ఆ పరీక్ష బ్లేడు లేకుండా చేయండి. షాఫ్టు నట్టు మర మామూలుగా తిరిగే వైపుకి బిగుసుకునేలా ఉంటుంది. తిరగేసి తిప్పితే నట్టు వదులై బ్లేడు ఊడొస్తుంది.

## ఒకచోట పెట్టి చూస్తే

| | మీటరు | మొదలయ్యేసరికి | చప్పుడు | మందం చెక్క | ఎవరికి |
|---|---|---|---|---|---|
| కొత్త చిన్న మిషను | మామూలు ప్లగ్గు | ఒక పూట | ఎక్కువ | కష్టం | అద్దె ఇల్లు, అపార్టుమెంటు |
| పాత మిషను, పాత మోటారు | మోటారుని బట్టి | నెలలు | తక్కువ | మోటారుని బట్టి | పాతవాటి మీద ప్రేమ ఉన్నవాళ్లు |
| పాత మిషను, కొత్త సింగిల్ ఫేజ్ | సింగిల్ ఫేజ్, విడిగా లైను | నాలుగైదు వారాలు | తక్కువ | 2 హెచ్‌పీతో బాగా | సొంత ఇల్లు, పెరటి షెడ్డు |
| పాత మిషను, వీఎఫ్‌డీ | సింగిల్ ఫేజ్, విడిగా లైను | వైండరుని బట్టి | బాగా తక్కువ | చాలా బాగా | కరెంటు పని తెలిసినవాళ్లు |

పట్టికలో డబ్బు వరస పెట్టలేదు, కావాలనే. పాత మిషను ధర అమ్మేవాడి మూడ్‌ని బట్టి ఉంటుంది. నేను చేసే లెక్క ఇది: ముందు ఇనుము తూకం ధర కట్టండి. షాఫ్టు, పీఠం, బల్ల బాగుంటే దాని మీద సగం కలపండి. మోటారు నడుస్తున్నా దానికి విలువ కట్టకండి, ఎలాగూ మార్చాల్సి రావచ్చు. కొత్త మోటారు, స్టార్టరు, బేరింగులు, లేత్ పని, వైరింగు, ఆటో కిరాయి అన్నీ కలిపితే మంచి కొత్త చిన్న మిషను ధరకి దగ్గరగా వస్తుంది. చౌకగా వస్తుందని పాతదాని జోలికి పోయేవాళ్లు నిరాశపడతారు. ఆ డబ్బుకి రెండు క్వింటాళ్ల నిలకడ వస్తుందని పోతే మాత్రం సంతోషపడతారు.

రోజూ పని చేసే వడ్రంగి అడిగితే నా జవాబు వేరు. ఆయనకి మిషను ఆగిన రోజు కూలి పోతుంది. కమర్షియల్ త్రీ ఫేజ్ తీసుకుని, మంచి పాత బాడీకి కొత్త త్రీ ఫేజ్ మోటారు నేరుగా పెట్టుకోవడం మేలు. వీఎఫ్‌డీ పాడైతే కావలిలోనో కందుకూరులోనో దాన్ని విప్పి బాగుచేసేవాడు ఆ పూటకి దొరకడు. మోటారుకైతే పక్క సందులో దొరుకుతాడు. ఉదయగిరి చెక్క గరిటెల లాంటి చిన్న పని చేసుకునేవాళ్లకి అసలు టేబుల్ సా కంటే చిన్న బ్యాండ్ సా మేలు, కాస్త ఆగి అది చూసుకోండి.

## తుప్పు

దీనికి ఇంతకంటే చోటు ఇవ్వక్కర్లేదు. కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేసి, గీకుడు బ్లేడుతో గీకి, సన్న ఎమిరీ కాగితంతో చెక్కముక్క ఆసరాగా రుద్దండి. విడదీసిన చిన్న భాగాలని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, కడిగి వెంటనే ఆరబెట్టి నూనె పూయండి. గ్రైండరుకి ఫ్లాప్ డిస్కు వేసి బల్ల మీద పెట్టకండి, మెరుస్తుంది గానీ గుంటలు పడి బల్ల పాడవుతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకకుండా తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో, పని అయ్యాక బల్లకి మైనం రుద్ది పాత దుప్పటి కప్పాలి. ఒక్క వారం మరిచిపోతే చెయ్యి ఆనిన చోటల్లా వేలిముద్రలు ఎర్రగా పడతాయి.

## ఏ దారి ఎంచుకున్నా

రివింగ్ నైఫ్ అంటే బ్లేడు వెనకే నిలబడి, కోసిన చెక్క రెండు ముక్కలూ మళ్లీ బ్లేడుని నొక్కకుండా ఆపే ఇనుప రేకు. అది లేకపోతే చెక్క వెనక్కి ఎగిరొచ్చి కడుపులో తంతుంది. పాత మిషన్లలో చాలావాటికి ఇది ఉండదు. ఉన్నా ఎవరో విప్పి పారేసి ఉంటారు. లేత్ షాపులో చేయించుకోవచ్చు: మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, పళ్ల కోత వెడల్పు కంటే తక్కువ ఉండాలి, బ్లేడుకి దగ్గరగా, అదే వరసలో నిలబడాలి. బ్లేడు పైకీ కిందికీ పోయినప్పుడు దాంతో పాటే కదిలితే ఇంకా మంచిది. కదలకపోయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

స్టార్టరు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఓవర్‌లోడ్ రిలే ఉన్న డీఓఎల్ స్టార్టరు పెట్టండి. కరెంటు పోతే దాని కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ కరెంటు వచ్చినా మీరు పచ్చబటన్ నొక్కితేనే తిరుగుతుంది. మామూలు స్విచ్‌తో నడిపితే కోత మధ్యలో కరెంటు పోయి, మీరు వంగి బ్లేడు దగ్గర పొట్టు తుడుస్తుండగా కరెంటు వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక పొలం మోటార్లకి అలవాటైన ఎలక్ట్రీషియన్ చేత పని చేయిస్తుంటే పక్కనే నిలబడండి. బోర్లకి కరెంటు రాగానే తనంతట తానే ఆన్ చేసే ఆటో స్టార్టరు పెట్టడం వాళ్లకి అలవాటు. మా ఇంటికొచ్చినతను కూడా సంచిలోంచి అదే తీసి గోడకి బిగించబోయాడు. "మీరు లేకపోయినా నడుస్తుంది సార్" అన్నాడు.